బానెట్ ముందు మేమందరం, బండి లోపల శ్రావణి

ముందుగా దేవునికి స్తోత్రం. మట్టి బొమ్మలో ఊపిరి ఊదినవాడు ఆయనే. రాగి తీగకు కరెంటు మోసే గుణం పెట్టినవాడూ ఆయనే. ఇన్నేళ్లలో యాసిడ్ చిందినా, షాక్ కొట్టినా, ఫ్యాన్ బెల్టు చొక్కా పట్టి లాగినా నా వేళ్లన్నీ నాకే మిగిల్చినందుకు ఆయనకే మహిమ. పనిలో ఓపిక కూడా ఇమ్మని రోజూ అడుగుతున్నాను. ఆ ప్రార్థనకు జవాబు ఇంకా దారిలో ఉన్నట్టుంది.

నేను బస్సు డిపోలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేరి, అదే పనిలో రిటైరయ్యాను. ఇప్పుడు సంతోష్‌నగర్‌లో మా ఇంటి ముందున్న ఖాళీ జాగాలో, అడిగినవాళ్ల బండ్లు చూస్తున్నాను. ఆదివారం సంఘంలో వాక్యం చదువుతాను, మిగతా రోజులు బండ్ల కింద దూరుతాను. మా సంఘంలో ఐటీఐ చదివి ఈ పనిలోకి వస్తున్న యువకులు కొందరున్నారు. వాళ్ల కూడికలో నాలుగు మాటలు చెప్పమని పాస్టరయ్య అడిగారు. లేచి నిలబడ్డాను. కోపం ఎక్కువై మాటలు తక్కువయ్యాయి. పాస్టరయ్యే నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "బెంజమిన్ అన్నా, మీరు రాసియ్యండి" అన్నారు. అందుకే ఈ కాగితాలు.

ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనేవి రాయను. వాటితో మీకు పని లేదు.

బ్యాటరీ పోయిందట

నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట "బ్యాటరీ పోయింది." బండి స్టార్ట్ కాకపోతే బ్యాటరీ పోయింది. లైటు మసకగా ఉంటే బ్యాటరీ పోయింది. హారన్ మోగకపోయినా బ్యాటరీయే పోతుంది. ఈ మాట అనడానికి చదువు అక్కర్లేదు, మీటర్ అక్కర్లేదు, బండి దగ్గరికి రానవసరం కూడా లేదు. పాన్ డబ్బా దగ్గర నిలబడి రోడ్డవతల బండిని చూసి చెప్పేవాళ్లను నేను ఎరుగుదును.

మన బస్తీల్లో నల్లా నీళ్ల సంగతి మీకు కొత్త కాదు. ఇంట్లో డ్రమ్ము ఖాళీగా ఉందనుకోండి, వెంటనే కొత్త డ్రమ్ము కొనుక్కొస్తారా? నల్లా వచ్చిందా లేదా చూస్తారు. పైపు ఎక్కడైనా కారుతోందా చూస్తారు. పక్కింటివాళ్లు మోటార్ పెట్టి గుంజుతున్నారేమో చూస్తారు. డ్రమ్ము పగిలిందేమో అన్న అనుమానం అన్నిటికంటే చివర రావాలి. బ్యాటరీ కూడా డ్రమ్మే, ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నల్లా. ఈ ఒక్క ముక్క అర్థమైతే మీ పనిలో సగం వచ్చినట్టే. నలభై ఏళ్లున్న మనిషికి ఇది చెబితే, "అంతా ఓకే గానీ అంకుల్, కొత్త బ్యాటరీ ఏది మంచిది?" అని అడిగాడు. ఆ రోజు నేను భోజనం సరిగా చేయలేదు.

రంగయ్య సారు

డిపోలో మా పని అజమాయిషీ చేసే చార్జ్‌మన్ రంగయ్య సారు. మంచి మనిషి అని రాయలేను. నోరు తెరిస్తే తిట్లు, కోపమొస్తే చేతిలో పానా ఎటు ఎగురుతుందో తెలిసేది కాదు. మేం చేసిన పని పైవాళ్లకు తన పనిగా చెప్పుకునేవాడు. క్షమించాలని వాక్యం చెబుతుంది కాబట్టి క్షమించాను, అంతే. కానీ ఆయన నేర్పిన ఒక అలవాటుకు మాత్రం ఇప్పటికీ తల వంచుతాను.

నేను కొత్తగా చేరినప్పుడు ఒక బస్సు వచ్చింది. లైట్లు ఉన్నట్టుండి మసకబారుతున్నాయని ఫిర్యాదు. నేను మీటర్ తీసుకుని నేరుగా బానెట్ మీద పడ్డాను. వెనక నుంచి కేక.

"ఓ బెంజి! డ్రైవర్‌ని అడిగినవారా?"

"ఏమడగాలె సార్?"

"ఆయన పొద్దంతా దాంట్ల కూసుంటడు. నువ్వు గిప్పుడొచ్చినవ్. నీకెక్కువ తెలుస్తదా, ఆయనకా?"

డ్రైవర్ క్యాంటీన్‌లో టీ తాగుతున్నాడు. అడిగితే, కప్పు దించకుండానే, "ఎడమకు తిప్పినప్పుడే అన్నా, కుడికి తిప్పితే ఏం కాదు" అన్నాడు. ఎడమకు తిప్పినప్పుడు స్టీరింగ్ రాడ్ ఒక వైరును నొక్కుతోంది. షెడ్డులో నిలబెట్టిన బస్సు ఎడమకూ తిరగదు, కుడికీ తిరగదు. నేను సాయంత్రం దాకా మీటర్ పట్టుకుని కూర్చున్నా అది దొరికేది కాదు.

ఈ పాఠం నాకు బాగా వచ్చనుకున్నాను. యాదగిరి బండి వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

ఇల్లుబండి

యాదగిరిది హుస్సేనీ ఆలంలో పాల వ్యాపారం. తాతల నాటి నుంచి బర్రెలు, ఇప్పుడు పాల బూత్. మా డిపో క్యాంటీన్‌కు పాలు పోసేవాడు, అలా పరిచయం. ఆయనకు, భార్య అండాలుకు ఒక్కతే బిడ్డ, శ్రావణి. డిగ్రీ ఇంట్లో నుంచే పూర్తి చేసింది. కండరాలు రోజురోజుకూ బలం కోల్పోయే జబ్బు ఆ పిల్లది. ఊపిరి తీసుకోవడానికి కూడా కండరమే కదా కావాలి. కూర్చుంటే కొంతసేపు మామూలుగా ఉంటుంది. పడుకున్నా, అలసిపోయినా ముఖానికి మాస్కు పెట్టి గాలి తోసే మిషన్ నడవాల్సిందే. వాళ్లింట్లో దాన్ని ఊపిరి మిషన్ అంటారు.

ఆమెను చూసే డాక్టర్లు తమిళనాడులో ఉన్నారు. రైల్లో తీసుకెళ్లడం కష్టమైపోయింది. అందుకని యాదగిరి కొత్త వ్యాన్ కొని, సలీం భాయ్ షెడ్డులో దాన్ని ఇల్లులా కట్టించాడు. మంచం, చిన్న వంట గట్టు, బాత్రూం, మంచం కింద ఇంట్లో ఇన్వర్టర్లకు పెట్టే పెద్ద బ్యాటరీలు రెండు. బస్తీలో అందరూ దాన్ని ఇల్లుబండి అంటారు. సలీం భాయ్ వెల్డింగ్ పని, చెక్కపని ఎంత శుభ్రంగా చేశాడంటే, మా పాస్టరమ్మ చూసి మాకూ ఇలాంటి వంట గట్టు ఉంటే బాగుండుననుకుంది.

ఒక పొద్దున యాదగిరి ఆ బండిని మా ఇంటి ముందు ఆపి దిగాడు. పలకరింపు కూడా లేదు.

"అన్నా, దీన్ని అమ్మేస్తున్న."

"ఏమైందయా?"

"బిడ్డ చేతులకెళ్లి పోతుండె. గదైంది."

అసలు ప్రయాణానికి ముందు పరీక్షగా కర్నూలు దాకా వెళ్లారట. రాత్రి బండిలోనే పడుకున్నారు. మిషన్ రాత్రంతా మంచం కింద బ్యాటరీల మీద నడిచింది. పొద్దున ఇంజన్ నడిస్తే అవి మళ్లీ నిండుతాయని లెక్క. తిరుగు దారిలో, ఇంజన్ ఎక్కడా ఆగకుండా నడుస్తుండగానే, జడ్చర్ల దగ్గరికి వచ్చేసరికి మిషన్ కూత పెట్టి ఆగిపోయింది. చేత్తో నొక్కే గాలి సంచి ఒకటి జాగ్రత్తకు పెట్టుకున్నారు. ఒక ధాబాలో ప్లగ్ దొరికేదాకా అండాలు దాన్ని నొక్కుతూనే ఉంది.

"ఆమె చేతులు చూడన్నా, బొబ్బలు ఇంకా మానలే," అన్నాడు యాదగిరి, బండి దిగుతున్న అండాలును చూపిస్తూ. "వచ్చే వారం డాక్టర్ డేటు. ఇది తప్పితే మళ్లెప్పుడిస్తరో తెల్వది. ఊపిరి తక్కువైతున్నదని ఆయనే తొందరగ రమ్మన్నడు. నేనేం జెయ్యాలె?"

ఏం చేయాలో అందరూ అప్పటికే చెప్పారు. బ్యాటరీ అమ్మినవాడు బ్యాటరీలు మార్చాడు. మార్చిన బ్యాటరీలు కూడా అలాగే చేస్తే ఇంకా పెద్దవి కొనమన్నాడు. బండి అమ్మిన షోరూంవాళ్లు, మీరు లోపల ఏదో కట్టించారు, మాకు సంబంధం లేదు అన్నారు. ఫోన్లో వీడియోలు చూసే మేనల్లుడు పైన సోలార్ పలకలు పెట్టమన్నాడు. నల్లా ఎందుకు రావడం లేదో ఒక్కడూ చూడలేదు. నాకు ఒళ్లు మండింది. ఊపిరితో పని ఇది, పెళ్లి బ్యాండు బండి కాదు.

షెడ్డులో అంతా బాగానే ఉంది

సలీం భాయ్‌ను పిలిపించాను. వచ్చాడు, కానీ ముఖం మాడ్చుకుని వచ్చాడు. తన పనిలో తప్పు పడుతున్నామని ముందే అర్థమైంది.

ఆయన కట్టిన ఏర్పాటు ఇది. ముందు ఇంజన్ బ్యాటరీ, వెనక ఇంటి బ్యాటరీలు, మధ్యలో ఒక రిలే. ఆల్టర్నేటర్ జోరుగా కరెంటు ఇస్తుంటే రిలే రెండింటినీ కలుపుతుంది. జోరు తగ్గితే విడదీస్తుంది, ఇంజన్ బ్యాటరీ ఖాళీ కాకుండా. కలిపి ఉన్నంతసేపు మంచం కాళ్ల వైపు గోడ మీద ఒక చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. పాత బస్సు అయినా, పాత లారీ అయినా ఈ ఏర్పాటుకు వంక పెట్టలేం.

యాదగిరి ఇంజన్ స్టార్ట్ చేశాడు. నేను మీటర్ పెట్టాను. కరెంటు జోరుగా వస్తోంది. వెనక బ్యాటరీల దగ్గర పెట్టాను. అక్కడా అంతే.

"దేఖో బెంజి భాయ్," అన్నాడు సలీం, "ఫస్ట్‌క్లాస్ ఉంది. మూడు దుకాన్లల్ల చూపెట్టిండు ఈయన. ముగ్గురూ ఓకే అన్నరు. మళ్ల నా మీదికే వస్తరు."

"మరి మిషన్ ఎట్ల బందయింది భాయ్? నేను అబద్ధమాడుతున్ననా?" అన్నాడు యాదగిరి.

"మై కబ్ బోలా ఝూట్? బ్యాటరీలు డూప్లికేట్ ఉండొచ్చు."

అదిగో, మళ్లీ బ్యాటరీ. నేను మీటర్‌ను గట్టిగా కింద పెట్టాను.

బండి లోపల కిటికీ పక్కన శ్రావణి పడుకుని ఉంది. ఇంట్లో ఒక్కదాన్నే వదలలేక వెంట తెచ్చారు. లోపల నుంచి సన్నటి గొంతు వినిపించింది. "అంకుల్, ఆ దీపం..."

"ఒక్క నిమిషం బిడ్డా," అన్నాను.

ఎర్తింగ్ చూశాను. చాసిస్ మీద పెయింట్ గీకి శుభ్రంగా బిగించాడు సలీం. ఫ్యూజులు చూశాను. వైరు మందం చూశాను. పైపు ఎక్కడా కారడం లేదు. గల్లీలో జనం చేరారు. ఒకాయన యాసిడ్ చూడమన్నాడు. ఆ బ్యాటరీ మూత ఎక్కడుందో కూడా ఆయనకు తెలియదు. ఇంకొకాయన స్కూటర్ మీద కాళ్లు చాపుకుని కూర్చుని, బండికి దిష్టి తగిలిందన్నాడు. నా మనసులో అప్పుడు వచ్చిన మాటలు సంఘ పెద్ద నోట రాకూడనివి. నోట రానివ్వలేదు. ఆ మాత్రం కృప ఉంది.

మళ్లీ కిటికీలోంచి, "బాపు, నేను చెప్పనా?"

"నువ్వు ఊకో బిడ్డా, పెద్దోళ్లు చూస్తున్నరు," అన్నాడు యాదగిరి.

అప్పుడు నాకు రంగయ్య సారు గుర్తొచ్చాడు. నడిపేవాణ్ణి అడగాలి కదా! లేచి యాదగిరిని అడిగాను. "బండి నడిపేటప్పుడు ఏమేం చేస్తవో చెప్పు."

యాదగిరి కొంచెం గర్వంగానే చెప్పాడు. "నేను ఏది వాడనన్నా. ఏసీ బంద్, ముందల ఫ్యాన్ బంద్, లైట్లు బంద్, పాటలు గూడ బంద్. చెమటకు తడిసి ముద్దయిన గానీ బటన్ ముట్టలే. కరెంటంతా బిడ్డ బ్యాటరీలకే పోవాలె."

"మంచి పని చేసినవ్," అన్నాను.

అన్నాను, నిజంగానే. పాత బస్సుల్లో అది మంచి పనే. మా డ్రైవర్లకు మేమే అలా చెప్పేవాళ్లం. డ్రైవర్‌ను అడిగాను, జవాబు వచ్చింది, ఆ జవాబు చేతిలో పెట్టుకుని మళ్లీ బానెట్ దగ్గరికే పోయాను.

ప్యాసింజర్‌ను అడగరా

ఎండ నడినెత్తికి వచ్చింది. సలీం భాయ్ వెళ్లిపోతానని చెప్పులు వేసుకున్నాడు. యాదగిరి ఆసుపత్రికి ఫోన్ చేసి రాలేమని చెప్పడానికి నంబర్ వెతుకుతున్నాడు. అండాలు బండి మెట్టు మీద కూర్చుని తన చేతులకేసి చూసుకుంటోంది.

అప్పుడు శ్రావణి మాస్కు పక్కకు జరిపి, ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచింది. ఆ పిల్ల అరుపంటే మనం మామూలుగా మాట్లాడినంత ఉంటుంది. అయినా అందరం అటు తిరిగాం.

"అంకుల్! మీరు డ్రైవర్‌ని అడుగుతరు, బ్యాటరీలోణ్ణి అడుగుతరు. ప్యాసింజర్‌ని అడగరా?"

వెళ్లబోతున్న సలీం భాయ్ ఆగాడు.

"ఈ బండిల పొద్దంతా పండుకునేది నేను. ఆ ఎర్ర దీపం నా కండ్ల ముందల్నే ఉంటది. వేరే చూసేటందుకు ఏముంది నాకు? ఇంటికాడ స్టార్ట్ చేయంగనే వెలుగుతది. చాంద్రాయణగుట్ట దాటకముందే ఆరిపోతది. మళ్ల వెలగది." కాసేపు ఊపిరి తీసుకుంది. "వచ్చేటప్పుడు ఒక్కసారి వెలిగింది. కొత్తకోట కాడ వాన వడ్డది. వానంతసేపు వెలిగింది. వాన ఆగంగనే ఆరింది."

సలీం భాయ్ ఒక చెప్పు విడిచి నవ్వాడు. "పానీ సే చార్జింగ్! వాహ్ బేటీ, వాహ్!"

"నవ్వకు భాయ్," అన్నాను. "యాదగిరీ, వాన పడ్డప్పుడు ఏం చేసినవ్?"

"ఏం జేస్త అన్నా? కనవడలే. లైట్లేసిన, వైపర్ ఏసిన. అండాలు చెమ్మ పట్టిందంటే అద్దానికి గాలి పెట్టిన. వాన ఆగంగనే అన్నీ బంద్ జేసిన."

అండాలును లోపలికి ఎక్కించి, నేనూ ఎక్కి శ్రావణి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. "పోనియ్యి," అన్నాను.

"యాడికన్నా?"

"శంషాబాద్ దిక్కు. నీకెట్ల అలవాటో గట్లనే నడుపు. నన్ను చూడకు."

దీపం వెలుగుతూ ఉంది. నేను మీటర్ చూస్తున్నాను, శ్రావణి దీపం చూస్తోంది. చాంద్రాయణగుట్ట ఇంకా రానే లేదు, మీటర్ మీద అంకె మెల్లగా దిగడం మొదలైంది. "ఇగ ఆరుతది," అంది శ్రావణి. ఆరింది.

"లైట్లు వెయ్యి!" అని అరిచాను.

"పట్టపగలు లైట్లెందుకన్నా? బ్యాటరీ..."

"వెయ్యవయా నువ్వు!"

వేశాడు. అంకె ఎక్కింది. దీపం వెలిగింది. శ్రావణి నవ్వింది, మాస్కు లోపల కూడా తెలిసింది. ఇంతలో దీపం మళ్లీ ఆరిపోయింది.

"ఏమైంది? ఎందుకు ఆర్పినవ్?"

"ఎదురుంగ వచ్చేటాయన సైగ జేసిండన్నా, లైట్లు ఉన్నయని."

మన రోడ్ల మీది మర్యాద మీకు తెలుసు. పగలు లైటు వెలుగుతుంటే ఎదురొచ్చే ప్రతివాడూ గుప్పిట ముడిచి విప్పి సైగ చేస్తాడు. హెల్మెట్ పెట్టుకోడు, ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగడు, ఎదుటివాడి లైటు గురించి మాత్రం ఎక్కడలేని బాధ్యత. యాదగిరి మర్యాదస్తుడు. సైగ చేసిన ప్రతివాడి మాట విని లైట్లు ఆర్పేశాడు. నేను ప్రతిసారీ వేయమని అరిచాను. అలా శంషాబాద్ దాకా ఆ దీపం వెలిగి, ఆరి, వెలిగి, ఆరి, నా గొంతు పోయేదాకా పరీక్ష జరిగింది. ఒక విధంగా అంతకంటే మంచి పరీక్ష ఉండదు.

వాల్వు తిప్పేవాడు

జరిగింది ఇది. బాగా వినండి, మీకు రాబోయేవన్నీ ఇలాంటి బండ్లే.

పాత బండిలో ఆల్టర్నేటర్ ఎప్పుడూ ఒకే జోరున ఇస్తుంది. కొత్త బండ్లలో డీజిల్ ఆదా కోసం ఇంజన్ కంప్యూటర్ దాన్ని అదుపు చేస్తుంది. నల్లా వదిలే లైన్‌మన్‌ను గుర్తు తెచ్చుకోండి. ముందు ఇంటి సంపు నిండిందని చూసి వాల్వు తిప్పేసి వెళ్లిపోతాడు. వెనక ఇంట్లో డ్రమ్ములు ఖాళీగా ఉన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఈ కంప్యూటర్‌కు తెలిసింది ముందున్న ఇంజన్ బ్యాటరీ ఒక్కటే. సెల్ఫ్ కొట్టగానే అది కాస్త తగ్గుతుంది కాబట్టి కొద్దిసేపు జోరుగా ఇస్తుంది. షెడ్డుల్లో అందరం మీటర్ పెట్టింది ఆ కొద్దిసేపే. తర్వాత ముందు బ్యాటరీ నిండుతుంది, వాల్వు తిరుగుతుంది, రిలే విడిపోతుంది. లైట్లు, ఫ్యాన్ వేస్తే కరెంటు కావాలని గ్రహించి ఈ బండిలో కంప్యూటర్ మళ్లీ వాల్వు తెరుస్తుంది.

అంటే యాదగిరి బిడ్డ కోసం చెమట కార్చుకుంటూ ఆర్పిన ప్రతి బటనూ బిడ్డ బ్యాటరీకే దారి మూసింది. ఈ మాట ఆయనకు చెప్పడం నా వల్ల కాలేదు. రోడ్డు పక్కన ఆపి, నేను వాల్వు కథ మొదలుపెట్టగానే ఆయనే అర్థం చేసుకున్నాడు. స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

"నేనే బంద్ జేసిననా బిడ్డా?"

"అవును బాపు," అంది శ్రావణి. "ఇప్పుడన్న ఏసీ వెయ్యి. చెమట వాసన తట్టుకోలేకపోతున్న."

అండాలు ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మీరు ఇక్కడే ఆగి, లైట్లు వేసుకుని పొమ్మని పంపేయవచ్చు. చాలామంది పంపేస్తారు. నాకు అది నచ్చదు. ఊపిరి మిషన్‌ను ఎదురొచ్చేవాడి సైగకు వదలకూడదు. ఇలాంటి బండ్ల కోసమే ఒక చార్జర్ పెట్టె వస్తుంది. ముందు నుంచి కరెంటు నీరసంగా వచ్చినా, దాన్ని పెంచి వెనక బ్యాటరీలకు కావలసిన జోరున ఇస్తుంది. మన నల్లాకు మోటార్ పెట్టినట్టన్నమాట. ఇంజన్ నడుస్తోందని దానికి చెప్పే సన్నటి వైరు ఒకటి విడిగా కట్టాలి. ఆ వైరు లేకపోతే పెట్టె నిద్రపోతుంది.

సలీం భాయ్‌కు చెబితే తను బిగించిన వైర్లన్నీ మళ్లీ ఒకసారి చూసుకున్నాడు. తర్వాత, "అంటే నా వైరింగ్ ఖరాబ్ కాదు," అన్నాడు.

"కాదు భాయ్. మంచి వైరింగే. పాత బండికి."

"గట్లనే చెప్పాలె మరి అందరికీ," అని బండి సామాన్లు అమ్మే రాణీగంజ్ వెళ్లి ఆ పెట్టె తెచ్చింది ఆయనే. బిగించేటప్పుడు నేనొక్కటే పట్టుబట్టాను. కొత్త పెట్టెకున్న పచ్చ దీపం ఎక్కడ పెట్టాలో శ్రావణి చెప్పాలి. ఆమె మంచం మీద పడుకుని, కొంచెం కిందికి, ఇంకొంచెం, అని సలీం భాయ్‌ను వంగదీసి లేపి, చివరికి మొదట పెట్టిన చోటే బాగుందంది. ఆయన నా వైపు చూశాడు. నేను మీటర్ వైపు చూశాను. మళ్లీ శంషాబాద్ దాకా వెళ్లొచ్చాం, లైట్లు లేకుండా, ఫ్యాన్ లేకుండా. దీపం ఆరలేదు.

బయల్దేరే రోజు బండి తలుపు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తానన్నాను. వాళ్లు కాదనలేదు. నా ప్రభువు పేరే చెప్పి చేశాను. అది దాచే మనిషిని కాదు.

కర్నూలు దాటాక శ్రావణి ఫోన్ చేసింది. "అంకుల్, దీపం వెలుగుతనే ఉంది."

"దేవునికి స్తోత్రం. మీ బాపు ఏం చేస్తున్నడు?"

"ఫ్యాన్ బంద్ పెట్టిండు."

"ఎందుకు?"

"కరెంటు పొదుపట."

వెనక నుంచి అండాలు గొంతు, యాదగిరి గొంతు కలిసి వినిపించాయి. నేను ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు మీ వంతు

డాక్టర్‌ను కలిశారు. మిషన్ సెట్టింగులు మార్చారు, మాస్కు మార్చారు. పిల్ల ఇప్పుడు పొద్దున లేస్తే తలనొప్పి లేదంటోంది. వానాకాలం పోయాక మళ్లీ రమ్మన్నారు.

మొన్న ఆ బండిని ఒక సర్వీసు సెంటర్‌కు ఇచ్చారు. ఆయిల్ మార్చమంటే అక్కడి కుర్రాడెవరో, ఇదేదో ఎక్స్‌ట్రా వైరు అని నేను కట్టిన ఆ సన్నటి వైరును ఊడదీసి, మడిచి, నీట్‌గా టేపు చుట్టి పెట్టాడు. ఎవరినీ అడగలేదు. నాకు ఇక కోపం కూడా రాలేదు, నీరసం వచ్చింది. కానీ తర్వాత శ్రావణిని ఎక్కించుకున్న బండి వాళ్ల గల్లీ దాటకముందే లోపల నుంచి, "బాపు, ఆపు. దీపం లేదు," అని వినిపించిందట. ఈసారి ఎవరూ ఊకో అనలేదు. యాదగిరి అక్కడికక్కడే బండి తిప్పి మా ఇంటికి తెచ్చాడు.

ఈ పనిలోకి వస్తున్న తమ్ముళ్లారా, నా కోపం పక్కన పెట్టి అడుగుతున్నాను. చేతిలో ఉన్నది కింద పెట్టి, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. వానలు పోగానే ఆ బండి మళ్లీ దక్షిణానికి పోతుంది. ప్రభువా, ఆ దారి పొడవునా శ్రావణి కళ్ల ముందు ఆ పచ్చ దీపం ఆరకుండా చూడు. అండాలు చేతులకు మళ్లీ ఆ సంచి పట్టే పని పెట్టకు. ఎక్కడైనా బండి ఆగితే, అక్కడ బానెట్ ఎత్తబోయేవాడు ముందు లోపలికి తొంగి చూసి, "ఏమైందమ్మా?" అని అడిగేలా చెయ్యి. ఆ అడిగేవాడు మీలో ఒకరు కావచ్చు. అందుకే నాతోపాటు మీరు కూడా ఆమేన్ అనండి.